విప్పే ముందు వినాలి

కోయంబత్తూరు అనగానే మన ఇళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుకు వస్తుంది. పెద్దవాళ్ళు నూలు మిల్లులంటారు. సేద్యం చేసే కుటుంబాలవాళ్ళు మోటారు పంపులంటారు. ఇల్లాళ్ళు పిండి రుబ్బే గ్రైండర్లంటారు. నాలుగు రోజులు ఉండి వచ్చినవాళ్ళు మాత్రం ముందుగా శిరువాణి నీళ్ళ తీపిని, పాలక్కాడు కనుమ గుండా వచ్చే చల్లగాలిని చెబుతారు. అన్నీ నిజమే. అయితే ఈమధ్య మేము ఆ ఊరు వెళ్ళింది వీటిలో దేనికోసమూ కాదు. కొత్తగా బాగు చేయించిన ఒక పాత స్పోర్ట్స్ కారు ఇంజను లోపల ఏం దెబ్బ తగిలిందో తెలుసుకోవడానికి వెళ్ళాము. రెండు రోజుల్లో ఇంజను సంగతి తెలిసింది, దాంతోపాటు ఊరి స్వభావమూ కొంత తెలిసింది. రెండూ కలిపి చెబితేనే అర్థమవుతాయి కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ ఊరికి యంత్రాలతో ఇంత చనువు ఎలా వచ్చిందో ముందు చూద్దాం. చుట్టూ నల్లరేగడి నేల, ఆ నేలలో పత్తి. 1888లో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు దొర ఇక్కడ నూలు మిల్లు పెట్టాడు. 1930ల మొదట్లో నీలగిరుల్లోని పైకారా నుంచి జలవిద్యుత్తు వచ్చింది. దాంతో మిల్లులు వరసగా లేచాయి. మిల్లు ఉన్నచోట మరమ్మతు తప్పదు. మరమ్మతు ఉన్నచోట లేతు మిషను, ఇనుము పోతపోసే కొలిమి, కొలిచే మనిషి తప్పరు. మిల్లుకు విడిభాగాలు చేసిన చేతులే తరువాత బావులకు పంపులు, వంటిళ్ళకు గ్రైండర్లు చేశాయి. ఇక్కడి గ్రైండరుకు 2006లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ కథలో మనవాళ్ళ పాలు తక్కువేమీ కాదు. విజయనగర రాజుల, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి కొంగు నాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు సేద్యంతో మొదలుపెట్టి మిల్లుల్లోకి, మిల్లుల నుంచి మోటార్లలోకి నడిచాయి. అందరికీ తెలిసిన పేరు జి.డి. నాయుడుగారిది. 1893లో సూలూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. కుర్రతనంలో ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మోజుపడి, హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నారు. కొన్న తరువాత ముక్కముక్కగా విప్పి మళ్ళీ బిగించి, దాని మర్మం తెలుసుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి దాన్ని పెద్ద సంస్థగా చేశారు. 1937లో ఈ ఊళ్ళోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. 1974లో కాలం చేశారు.

ఆ తరువాతి తరంలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ గారు పందెపు కార్లు కట్టారు. మారుతి 800లో ఉండే 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజనునే తీసుకుని, ఒక్కరు కూర్చునే రేసు కారు చేసి, మామూలు కుర్రవాళ్ళకు కూడా పందెం అందుబాటులోకి తెచ్చారు. దానిపేరు ఫార్ములా మారుతి. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. ఊరి బయట చెట్టిపాళయంలో 2003లో తెరిచిన రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఈ ఊరివాడే. ఫార్ములా మారుతి నడిపిన అనుభవం అతనికీ ఉంది.

ఇక మా ప్రయాణం సంగతి. మా మామగారు హోసూరులో ఉంటారు. వయసు డెబ్బై నాలుగు. ఆయన దగ్గర ఎం.జి.ఎ. 1500 అనే రెండు సీట్ల కారు ఒకటి ఉంది. పాలమీగడ రంగు, పైకప్పు లేని బండి. కూనూరులో ఒక తేయాకు తోట మేనేజరు దగ్గర ఆయన తండ్రిగారు కొన్నది. ఇంగ్లండులోని అబింగ్డన్ అనే ఊళ్ళో 1955 నుంచి 1962 వరకు ఎం.జి.ఎ. కార్లు లక్షకు పైగా చేశారు. వాటిలో ఇది మొదటి రకం. చాలా ఏళ్ళు షెడ్డులో ఉన్న ఇంజనును ఒక పెద్ద నగరంలోని వర్క్‌షాపులో పూర్తిగా విప్పించి, బోరు చేయించి, క్రాంకు గ్రైండింగు చేయించి, కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు వేయించారు. చూడటానికి ఇంజను అద్దంలా మెరిసింది. ఆరు వందల కిలోమీటర్లు నడిచిందో లేదో, వేడెక్కాక అడుగు నుంచి 'టక టక' అని చప్పుడు మొదలైంది.

అక్కడినుంచి తలా ఒక మాట. బాగు చేసినవాళ్ళు, కొత్త ఇంజను అలాగే ఉంటుంది, నడిపితే సర్దుకుంటుందన్నారు. ఇంకొకరు, బ్లాకే పోయింది, ఇంగ్లండు నుంచి వేరే ఇంజను తెప్పించాలన్నారు. మూడో ఆయన ఒక బేరగాణ్ణి తీసుకువచ్చాడు. ఆ బేరగాడు, చెడిపోయిన ఇంజను కనుక సగం ధరకే ఇస్తే తీసుకుపోతానని, నెలాఖరులోగా జవాబు చెప్పమని అన్నాడు. మామగారికి రాత్రిళ్ళు నిద్ర లేదు. డబ్బు ఒక్కటే కాదు. తండ్రి చేత్తో బోల్టులు బిగించిన ఇంజను తన కాలంలో పోయిందన్న మాట ఆయన పడలేకపోయారు. అప్పుడు మా బంధువు ఒకాయన, "అమ్మేది తరువాత చూద్దురు. ముందు కోయంబత్తూరు తీసుకుపోయి చూపించండి" అన్నాడు.

చప్పుడు చేసే ఇంజనును నడపకూడదు. నడిపిన కొద్దీ లోపల అరుగుతుంది. అందుకని బండిని లారీ మీద ఎక్కించాము. కృష్ణగిరి, ధర్మపురి, తొప్పూరు కనుమ, సేలం, భవాని, పెరుందురై, అవినాశి మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైగా దారి. మామగారు, నేను, ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి వెనక కారులో వెళ్ళాము. దారి పొడుగునా మామగారి చూపు లారీ మీదనే.

సింగానల్లూరు వైపు ఒక సందులో ఆ మేస్త్రిగారి షెడ్డు. ఆయన పేరు ఇక్కడ రాయడం ఆయనకు ఇష్టం లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కొంగు తమిళంలో 'ఏనుంగ' అని పిలిచే మర్యాదంతా ఆయన తెలుగులోకి కూడా వచ్చింది. బండి పేరు వినగానే నవ్వి, "దీని ఇంజను మాకు కొత్తది కాదన్నా. మన అంబాసిడరుదే" అన్నారు. అది ముమ్మాటికీ నిజం. 1959 నుంచి మన అంబాసిడరు కార్లలో వేసిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఈ ఎం.జి.ఎ. 1500 ఇంజను ఒకే వంశానివి. స్పోర్ట్స్ కారులో కార్బురేటర్లు రెండు, బలం ఎక్కువ. ఎముకల గూడు మాత్రం ఒక్కటే. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయింది కాని, ఆ ఇంజను గుట్టు తెలిసిన చేతులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి.

ఆయన స్పానరు పట్టుకోలేదు. స్టూలు వేసుకుని కూర్చుని అరగంట ప్రశ్నలు వేశారు. చప్పుడు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, కాలు తీసేసినప్పుడా? నూనె ఒత్తిడి ముల్లు ఎక్కడ ఉండేది, ఇప్పుడు ఎక్కడ ఉంది? మామగారు జవాబులు చెబుతుంటే గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నారు. చప్పుళ్ళ తేడా మా అమ్మాయికి ఇలా చెప్పారు: చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై, వేడెక్కాక తగ్గితే అది పిస్టను బోరులో వదులుగా ఆడటం. పైనుంచి సన్నగా, ఇంజను వేగంలో సగం వేగంతో వినబడితే టాపెట్లు. బరువు లాగేటప్పుడు అడుగు నుంచి గుండె అదిరినట్టు వస్తే క్రాంకును మోసే మెయిన్ బేరింగు. నడి వేగంలో తెలిసి, కాలు తీసేసినప్పుడు ఇంకా స్పష్టంగా టక టక మంటే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు. దాన్నే బిగ్ ఎండ్ అంటారు. "ఇదంతా వినికిడి. విన్నది సాక్ష్యం కాదు పాపా. కొలిచిందే సాక్ష్యం" అన్నారు.

ఇంజను లోపలి సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. రాడ్డు ఆ ఆటను కిందికి తెచ్చి క్రాంకును తిప్పుతుంది. రాడ్డుకూ క్రాంకుకూ మధ్య రెండు సగాల పలుచని లోహపు చిప్పలు ఉంటాయి. అవే బేరింగ్ షెల్లులు. షెల్లుకూ క్రాంకు పిన్నుకూ మధ్య మన వెంట్రుక మందం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఒత్తిడితో నూనె పారుతుంది. అంటే ఇనుము ఇనుమును తాకదు, నూనె పొర మీద తేలుతుంది. ఆ వెంట్రుక మందం రెండింతలైతే నూనె నిలవదు, ఒత్తిడి పడిపోతుంది, రాడ్డు పిన్నును కొట్టడం మొదలుపెడుతుంది. బయటికి వినబడే 'టక టక' అదే.

మొదటి పరీక్ష నూనెది. ఒక గిన్నెడు నూనె దించి, తెల్లని పింగాణీ పళ్ళెంలో పోసి ఎండలో పెట్టారు. నూనెలో సన్నని మెరుపు కనిపించింది. అయస్కాంతం ముంచితే దానికి అంటుకున్నది చాలా కొద్ది. మిగిలినదంతా పళ్ళెంలోనే మెరుస్తూ ఉండిపోయింది. అయస్కాంతానికి అంటేది ఇనుము, ఉక్కు. అంటనిది బేరింగు లోహం. ఫిల్టరు తీసి, లోపలి మడతలు విప్పి చూస్తే అక్కడా అదే మెరుపు. అంతటితో అనుమానం సగానికి తగ్గింది.

రెండో పరీక్ష ఒత్తిడిది. డాష్‌బోర్డు మీటరును నమ్మక, తన సొంత మీటరు బిగించి, రెండంటే రెండు నిమిషాలు ఇంజను నడిపించారు. చల్లగా ఉన్నప్పుడు 60 పౌండ్లు చూపింది. కాస్త వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు 8 పౌండ్లకు దిగింది. ఆ రెండు నిమిషాల్లోనే పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, కొనను ఇంజను పక్కన ఒక్కొక్క చోట పెట్టి విన్నారు. తరువాత దాన్ని మా అమ్మాయి చేతికి ఇచ్చారు. ఆయన ఒక్కొక్క సిలిండరు స్పార్కు ఆపుతూ వచ్చారు. ఒకటి ఆపితే మార్పు లేదు. రెండు ఆపితే మార్పు లేదు. మూడో దాని స్పార్కు ఆపగానే, "తగ్గింది తాతయ్యా!" అని అమ్మాయి అరిచింది. స్పార్కు లేకపోతే ఆ పిస్టను మీద దెబ్బ ఉండదు. దెబ్బ లేకపోతే ఆ రాడ్డు పిన్నును గట్టిగా కొట్టదు. మూడో రాడ్డు దొరికిపోయింది.

మూడో పరీక్ష కంప్రెషనుది. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ తీగ విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, స్టార్టరుతో తిప్పారు. నాలుగు సిలిండర్లలో వరసగా 148, 145, 150, 146 పౌండ్లు వచ్చాయి. ఎక్కడైనా తక్కువ వచ్చి ఉంటే ఆ సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్ళీ చూసేవారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్టు అని అర్థం. ఇక్కడ ఆ అవసరమే రాలేదు. "పైన అంతా క్షేమం. బోరు, రింగులు, వాల్వులు బాగున్నాయి. బ్లాకు పోయిందన్నవాడు మీటరు పెట్టి చూడలేదు" అన్నారు. ఆ మాటతో మామగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చెమటకో, మరి దేనికో నేను అడగలేదు.

ఆ రాత్రి పీలమేడులో చుట్టాల ఇంట్లో ఉన్నాము. తెల్లవారి, షెడ్డులో కుర్రవాళ్ళు ఇంజను అడుగున ఆయిల్ చాంబరు విప్పేలోగా, అవినాశి రోడ్డులోని జి.డి. నాయుడుగారి కార్ల ప్రదర్శనశాల చూసి వచ్చాము. 2015లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో దేశదేశాల పాత కార్లు ఉన్నాయి. మామగారు రంగుల కోసం చూస్తే, అమ్మాయి మాత్రం ప్రతి బండి దగ్గరా వంగి, ఇంజను ఎక్కడ ఉంది, ఎన్ని సిలిండర్లు అని చూసింది. ముందురోజు దాకా తాతగారి కారు ఆ పిల్లకు ఫోటోలు తీసుకునే వస్తువే.

తిరిగి వచ్చేసరికి చాంబరు దించి ఉంది. ఇంజను బండిలోనే ఉంది. మేస్త్రిగారు మూడో రాడ్డు టోపీ విప్పి షెల్లును మా ముందు పెట్టారు. బూడిద రంగులో నున్నగా ఉండవలసిన లోపలి ముఖం చారలుపడి, మధ్యలో రాగి రంగు బయటపడి ఉంది. వెనుక ముఖం మీద 20 సైజు అని ముద్ర ఉంది. అంటే క్రాంకు అరగదీసిన కొలతకు సరైన షెల్లే వేశారు. మైక్రోమీటరు పెట్టి కొలిచారు. ఇంచిలో వెయ్యో వంతును ఇక్కడ 'థౌ' అంటారు. రెండున్నర థౌ దాటకూడని ఖాళీ ఆరు థౌ ఉంది. పక్కన రెండో రాడ్డు షెల్లు మీద సన్నని గీతలు. ఒకటి, నాలుగు శుభ్రంగా ఉన్నాయి.

"ఇది ఏం అయింది, ఎందుకు అయింది, రెండూ తెలియాలి. ఏం అయిందో ఒక్కటే తెలిస్తే కొత్త షెల్లు వేస్తాము, అదీ పోతుంది" అంటూ ఆయన క్రాంకు పిన్నులోని నూనె రంధ్రంలోకి సన్నని తీగకు తెల్లగుడ్డ చుట్టి దూర్చారు. బయటికి వచ్చిన గుడ్డ మీద బూడిద రంగు ముద్ద. వేలితో రుద్దితే ఇసుకలా గరగర. క్రాంకు గ్రైండింగు చేసినప్పుడు రాలిన రాయి పొడి అది. గ్రైండింగు అయ్యాక క్రాంకు లోపలి నూనె దారులను బ్రష్షుతో తోమి, కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టాలి. ఆ పని చేయలేదు. కొత్త నూనె ఆ పొడిని తోసుకుంటూ పోయి, కొత్త బేరింగులో పోసింది. అరగంట పని మానినందుకు ఇంత కథ నడిచింది.

ఇక్కడ నాకు ఊరి స్వభావం తెలిసింది. మామగారు కోపంగా, ఆ వర్క్‌షాపువాళ్ళ మీద నలుగురికీ చెబుతానన్నారు. మేస్త్రిగారు ఆ షెల్లును, ఆ గుడ్డముక్కను ఒక కవరులో పెట్టి ఇచ్చి, "నలుగురికీ వద్దన్నా. వాళ్ళకే చూపించండి. బోరు బాగా చేసినారు, పిస్టన్లు చక్కగా వేసినారు. ఇది ఒక్కటే విడిచినారు. చూస్తే ఇంకొకరి ఇంజనుకు కడుగుతారు" అన్నారు. మామగారు అలాగే పంపారు. అందుకే ఈ వ్యాసంలో ఆ వర్క్‌షాపు పేరు లేదు.

ఆ తరువాత మూడు వారాల పని. ఇంజను దించి, క్రాంకు తీసి, 30 సైజుకు గ్రైండింగు చేయించి, నూనె దారులు మామగారి ఎదుటే కడిగి, కొత్త షెల్లులు వేశారు. నూనె పంపు విప్పి శుభ్రం చేశారు. బ్లాకు, పిస్టన్లు, హెడ్డు ఉన్నవే ఉన్నాయి. వేరే ఇంజను తెప్పిస్తే అయ్యే ఖర్చులో ఐదో వంతు కూడా కాలేదు. ఇప్పుడు వేడి మీద రోడ్డున 50 పౌండ్లు, నిలిపి ఉంచితే 18 పౌండ్లు చూపిస్తోంది. బేరగాడికి మామగారు ఒక్క ముక్కలో జవాబు చెప్పారు.

ఆ రెండు రోజులూ మేస్త్రిగారి తెలుగు వింటూ ఉంటే ఇంకొక మాట తోచింది. మన తెలుగు విని, ఇది చెడిపోయిన తెలుగు అని తీర్పు చెప్పినవాళ్ళు మనలో ప్రతి ఇంటికీ ఎదురై ఉంటారు. హోసూరులో కన్నడం కలిసిందంటారు, కోయంబత్తూరులో తమిళం కలిసిందంటారు, బరంపురంలో ఒడియా, షోలాపురంలో మరాఠీ కలిసిందంటారు. కలిసిన మాట నిజమే. అయితే చప్పుడు వేరుగా ఉన్నంత మాత్రాన బ్లాకు పోయిందని కాదు. తాతకూ మనుమరాలికీ మధ్య మాట నడుస్తున్నదా లేదా అన్నదే దాని నూనె ఒత్తిడి. అది చూడకుండా తీర్పు చెప్పేవారు మీటరు పెట్టకుండా చెప్పినవారే.

మీ ఇంట్లో పాత బండి ఏదైనా బాగు చేయించి, మళ్ళీ చప్పుడు మొదలైతే ఈ వరస గుర్తు పెట్టుకోండి. ముందు నడపడం ఆపండి. చప్పుడు ఎప్పుడు, ఎలా వస్తుందో కాగితం మీద రాసుకోండి. నూనె పళ్ళెంలో పోసి ఎండలో చూడండి, ఫిల్టరు విప్పించండి. వేరే మీటరుతో ఒత్తిడి, తరువాత కంప్రెషను కొలిపించండి. ఆ అంకెలు చేతికి వచ్చాకే విప్పడం గురించి మాట్లాడండి. విప్పాక పాడైన ముక్కను అడిగి తీసుకుని, అది ఎందుకు పాడైందో చెప్పేదాకా కొత్త ముక్క వేయనివ్వకండి. క్రాంకు గ్రైండింగుకు ఇస్తే, నూనె దారులు మీ కళ్ళ ముందు కడిగించండి.

కోయంబత్తూరు వెళ్ళేవారు మరుదమలై కొండ, పేరూరు గుడి ఎలాగూ చూస్తారు. ఒక పూట కార్ల ప్రదర్శనశాలకు కూడా కేటాయించండి, పిల్లలను తప్పక వెంట తీసుకువెళ్ళండి. వీలైతే సింగానల్లూరు, గణపతి వైపు సందుల్లో సాయంత్రం ఒకసారి నడవండి. లేతుల చప్పుడు మధ్య ఎక్కడో ఒకచోట తెలుగు వినబడుతుంది. ఆగి పలకరించండి. కాఫీ తాగకుండా పోనివ్వరు.